ఇల్లు ఎలుకలది

"మిస్, యుద్ధం మీద రాసిన కవితలో ఎలుకలెందుకు?"

అడిగింది పదిహేనేళ్ల కుర్రాడు. ఇంగ్లండులో, ష్రూస్‌బరీ ఊళ్లో, ఓ సెకండరీ స్కూల్లో నేను టీచింగ్ అసిస్టెంటుని. క్లాసు చెప్పడం నా పని కాదు. చదువులో వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చుని, టీచరు చెప్పిందే మళ్లీ నెమ్మదిగా చెప్పాలి. జీతం స్కూలు నడిచిన వారాలకే లెక్క. ఇక్కడికి రాకముందు నిడదవోలు దగ్గర జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్లు ఇంగ్లీషు లెక్చరరుని. అక్కడ నిలబడి చెప్పేదాన్ని, ఇక్కడ కూర్చుని చెబుతాను. మొదటి ఏడాది ఆ తేడా మింగుడు పడలేదు. ఇప్పుడు మోకాళ్లు కూర్చోవడమే నయమంటున్నాయి.

కుర్రాడిది ఇయర్ లెవెన్, అంటే మన టెన్త్ లాంటి జీసీఎస్‌ఈ పరీక్షల ఏడు. కవితలు పదిహేను. పేపర్లో ఒక్కటే అచ్చువేసి ఇస్తారు, దాంతో పోల్చడానికి ఇంకో కవితని జ్ఞాపకం నుంచి తెచ్చుకోవాలి. అంటే బట్టీ! మన చదువులన్నీ బట్టీ చదువులని ఎన్నిసార్లు తిట్టుకున్నామో. ఇక్కడ నా ఉద్యోగంలో అక్కరకొచ్చిన మొదటి విద్య అదే. నాలుగేసి మాటలు పట్టుకుని గదిలో పచార్లు చేస్తూ చదవడం వాడికి నేర్పాను. అలా చదవొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదట.

ఆ రోజు కవిత, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఉన్న విల్‌ఫ్రెడ్ ఓవెన్ రాసిన 'ఎక్స్‌పోజర్'. కాలేజీలో ఉన్నప్పుడు మొదటి ప్రపంచ యుద్ధ కవులంటే నాకు గైడులోని నాలుగు పాయింట్లే: యుద్ధం వ్యర్థం, దేశభక్తి బూటకం, కందకాల్లో బురద, యువత బలి. ఏ కవిత వచ్చినా అవే రాయించేదాన్ని, పిల్లలకి మార్కులు వచ్చేవి. ఈ కవిత ఆ నాలుగింట్లో ఇమడలేదు. ఇందులో దాడి లేదు, పారిపోవడం లేదు. తూటాలు వస్తాయి, అయితే వాటికంటే మంచుతో నల్లబడి వణుకుతున్న గాలే ఎక్కువ ప్రాణాంతకమంటాడు. ఎనిమిది చరణాలు, ఐదేసి పాదాలు. చరణం చివర పొట్టిపాదం. ఆ పొట్టిపాదాల్లో నాలుగుసార్లు ఒకటే మాట: 'బట్ నథింగ్ హ్యాపెన్స్'. ఏమీ జరగదు. ఆఖరి చరణంలో పారలు పట్టుకున్న చేతులు వణుకుతూ, సగం గుర్తుపట్టిన ముఖాల దగ్గర ఆగుతాయి. పాతిపెట్టడానికి వచ్చినవాళ్లు. అక్కడ కూడా, ఏమీ జరగదు.

ఇది కల్పించి రాసింది కాదు. 1917 ఫిబ్రవరిలో తల్లికి రాసిన ఉత్తరంలో, మంచులో పడుకున్న తన జట్టులో ఒకడు చలికి గడ్డకట్టి చనిపోయాడని ఓవెన్ చెప్పాడు.

ప్రాస దగ్గర మాత్రం నేను బోల్తా పడ్డాను. మొదటి చరణంలో 'నైవ్ అస్'కి 'నర్వస్' జోడీ, 'సైలెంట్'కి 'సేలియెంట్'. రెండో చరణంలో 'వైర్'కి 'వార్'. హల్లులు కలుస్తాయి, అచ్చులు కలవవు. టీచరు చదువుతుంటే కుర్రాడు ముఖం చిట్లించి, "ప్రాస తప్పినట్టుంది" అన్నాడు. నాకు తప్పినట్టే అనిపించలేదు! ఇంటికెళ్లాక తట్టింది ఎందుకో. మన పద్యంలో ప్రాసంటే పాదంలో రెండో అక్షరం. హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా ఫరవాలేదు. "ఇందుగలడందు లేడని సందేహము వలదు" పద్యంలో దు, దే, దెం, దం వరసగా వస్తాయి, మన చెవికి హాయిగానే ఉంటుంది. ఇంగ్లీషు చెవికి అచ్చుతో సహా కలవాలి. ఓవెన్ ఆ చెవిని కావాలనే ఊరించి, చివర్లో అందకుండా చేస్తాడు. సైనికులు ఏదో జరుగుతుందని ఎదురుచూస్తే ఏమీ జరగనట్టే, ప్రాస కలుస్తుందని ఎదురుచూస్తే అదీ కలవదు. తొమ్మిదేళ్లు ఇంగ్లీషు చెప్పినదాన్ని, వెనకబడ్డాడని పేరుపడ్డ పిల్లాడి ముఖం చూసి ఇది తెలుసుకున్నాను.

ఇక ఎలుకలు. అవి ఆరో చరణంలో ఉన్నాయి. చలికి మగతలో ఉన్న సైనికుల ఆత్మలు కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వెళ్తాయి. పొయ్యిలో నిప్పు అణగారి ఉంటుంది. కీచురాళ్లు అరుస్తుంటాయి. అమాయకపు ఎలుకలు గంటల తరబడి పండగ చేసుకుంటుంటాయి, ఇల్లు వాటిదే. కిటికీలు, తలుపులు అన్నీ మూసి ఉంటాయి. వీళ్లు మళ్లీ చావు దగ్గరికి తిరిగొస్తారు.

ఆ చరణాన్ని టీచరు రెండు నిమిషాల్లో దాటించేశారు. టైము లేదు, ఆవిడ తప్పు కాదు. నేను మాత్రం దాటలేకపోయాను. అమ్మ పోయాక ఊళ్లో మా పెంకుటిల్లు తాళం వేసి ఉంది. తాళంచెవి పిన్ని దగ్గర. నెలకోసారి తలుపు తీసి వీడియో కాల్ చేస్తుంది. పోయిన నెల వంటగదిలో లైటు వేయగానే ఎలుకలు అటక మీదికి పరిగెత్తాయి. "ఇల్లు వాటికి రాసిచ్చేశావే అమ్మాయ్" అంది పిన్ని. నవ్వుతూనే అంది.

నా బతుకుని కందకంతో పోల్చుకునేంత పిచ్చిదాన్ని కాను. నేను నా ఇష్టంతో వచ్చాను, గదిలో హీటరుంది, టిక్కెట్టు కొంటే వెళ్లగలను. అందుకే కుర్రాడికి మా ఇంటి ఎలుకల సంగతి మాత్రమే చెప్పాను. వాడు కాసేపు పేజీ వంక చూసి, 'ఇన్నోసెంట్' కింద గీత గీశాడు. "వాటికి తెలీదు కదా మిస్, ఆ ఇల్లు ఎవరిదో" అన్నాడు. నేను ఇంకొకటి కలిపాను: తలుపులు మూసి ఉన్నాయన్నాడే గానీ ఎవరు మూశారో కవి చెప్పలేదు, చూడు. మన తెలుగులో 'మూసి ఉన్నాయి' అనడం ఎంత మామూలంటే అందులో ఏదో తప్పించుకుంటున్నామని కూడా తోచదు.

ఈ ఓవెన్ వాళ్ల ఇల్లు మా ఊళ్లోనే ఉంది. పుట్టింది 1893లో ఆస్వెస్ట్రీ దగ్గర. తర్వాత కుటుంబం ష్రూస్‌బరీలో స్థిరపడింది. మాంక్‌మూర్ రోడ్డులో, నేను సరుకులకి వెళ్లే దారిలో. ఇంటిపేరు చూసి మొదటిసారి నమ్మలేదు: 'మాహిమ్'. బొంబాయి మాహిమే. తండ్రి టామ్ కుర్రతనంలో ఇండియా వెళ్లి రైల్వేలో పనిచేసి వచ్చినవాడు. మనవాళ్లు విదేశాల్లో ఇంటికి సొంతూరి పేరు పెట్టుకుంటారు, ఆయన సొంతదేశంలో ఇంటికి పనిచేసొచ్చిన దేశంలోని ఊరి పేరు పెట్టుకున్నాడు. 1918 నవంబరు 4న, ఫ్రాన్సులో ఓర్స్ ఊరి దగ్గర కాలువ దాటుతుండగా ఓవెన్ చనిపోయాడు, ఇరవై అయిదేళ్లు. టెలిగ్రాం ఈ మాహిమ్ ఇంటికి వచ్చింది నవంబరు 11న. యుద్ధం ముగిసిందని ఊళ్లో గంటలు మోగుతున్నాయట.

మాక్ పరీక్షలో కుర్రాడు పేజీన్నర రాశాడు. మొత్తం ఎలుకలే. పోల్చాల్సిన రెండో కవిత ఆఖరి రెండు వాక్యాల్లో వచ్చింది. మార్జిన్‌లో "మరి యుద్ధం ఏది?" అని ఉంది. వాడు పేపరు నా ముందు పెట్టి, "యుద్ధం గురించే కదా రాశాను?" అన్నాడు. మార్కులు మార్చే అధికారం నాకు లేదు. రెండో కవితకి టైము మిగుల్చుకోమని చెప్పాను, అది నా డ్యూటీ.

బ్యాగు సర్దుకుంటూ అడిగాడు, "మీ ఇంట్లో ఎలుకల్ని పట్టేశారా మిస్?"

ఇంకా లేదన్నాను.