పాడేరు కొండల్లో ఊట కొలత: మే తర్వాత డిసెంబర్

మే నెలలో కొలిచిన ఊటనే చలికాలంలో మళ్లీ కొలవాలని అప్పుడే అనుకున్నాను, డిసెంబర్‌లో కుదిరింది. పాడేరు దాటి, రోడ్డు ఆగిపోయిన చోట దిగి నడవాల్సిన చిన్న కొండ ఊరు, ఒక నలభై గడపలు ఉంటాయి. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. వంజంగి మేఘాల కొండకి జనం ఎలా ఎగబడ్డారో చూశాం కదా, అది చూసే చోటు కాబట్టి సరే, ఈ ఊట మాత్రం ఊరివాళ్లు రోజూ తాగే నీళ్లు.

విజయవాడ నుంచి వెళ్లేవాళ్లకి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ రైలు బాగా పనికొస్తుంది. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి అనకాపల్లిలో దిగొచ్చు, అక్కణ్నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు బస్సు. మాడుగుల దాటాక ఘాట్ మొదలవుతుంది, కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లలో కూర్చోండి, మాడుగుల హల్వా తిరిగొచ్చేటప్పుడు కొనుక్కోవచ్చు. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, డిసెంబర్ రాత్రి బెజవాడ స్వెటర్‌కి చలి ఏ మాత్రం ఆగదు, మంకీ క్యాప్, మందపాటి సాక్సులు తప్పనిసరి. రాత్రి పాడేరులోనే పడుకుని పొద్దున సర్వీసు జీపు పట్టుకోవడం మంచిది. జీపు నిండితేనే కదులుతుంది కాబట్టి టైముతో పని లేదు, ఆరున్నరకల్లా స్టాండులో ఉండాలి, అంతే.

నడకకి ప్రాక్టీసు కావాలంటే మనకి కొండపల్లి ఖిల్లా ఉంది. గుంటూరు వైపు వాళ్లకి కొండవీడు. భుజాన ఆరేడు కిలోల సంచితో వారానికోసారి ఎక్కి దిగితే చాలు, ముఖ్యంగా దిగడం, ఎందుకంటే ఏజెన్సీ దారుల్లో మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే. పైకి దారంతా కాఫీ తోటలే, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ పళ్లు కోస్తున్న ఆడవాళ్లు. డిసెంబర్‌లో జలగల బెడద లేదు. అదే ఆగస్టులో అయితే ఉప్పు మూట, పొడవు సాక్సులు లేకుండా వెళ్లొద్దు. దోమల విషయంలో మాత్రం ఏ కాలంలోనూ అశ్రద్ధ వద్దు, ఆ కొండల్లో మలేరియా ఇంకా ఉంది, సాయంత్రం అయ్యేసరికి ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోవాల్సిందే.

ఊళ్లోకి వెళ్లగానే ఊట దగ్గరికి పరిగెత్తకూడదు. ముందు పెద్దలకి చెప్పి, కాసేపు కూర్చుని, ఇచ్చిన అంబలి తాగి, ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లాలి. మే నెలలో నాతో వచ్చిన ఆ ఊరి కుర్రాడే (తమ్ముడు అని పిలుస్తాను) ఈసారీ వచ్చాడు. ఊట ఊరికి పైన, నడిస్తే పావుగంట. రెండు బండల మధ్య పగుల్లోంచి నీళ్లు వస్తాయి, ఆ పగులుకి వెదురు బద్ద ఒకటి చీల్చి దోనెలా అమర్చారు, దాని చివర నుంచి సన్నటి ధార బిందెలో పడుతుంది. బండ మీద నాచు, తడి మట్టిలో ఫెర్న్ ఆకులు. ఒక రాయి కదిపితే బొటనవేలంత పీత అడ్డంగా పరిగెత్తి పక్క రాయి కిందికి దూరింది. ధారకి కొంచెం దిగువన రాళ్లు పేర్చిన చెలమ, గిన్నెలు కడగడానికీ పశువులకీ అదే.

కొలిచే పద్ధతి సులువు. 20 లీటర్ల బకెట్, ఫోన్లో స్టాప్‌వాచ్. వెదురు దోనె పక్కనుంచి కారే నీళ్లు కూడా ధారలోకి వచ్చేలా బంకమట్టితో మూసి, మూడుసార్లు నింపి సగటు తీయాలి. అక్కడ బిందెలతో ఆడవాళ్లు ఉంటే వాళ్ల పని అయ్యాకే మనది. డిసెంబర్ సగటు 80 సెకన్లు, అంటే నిమిషానికి 15 లీటర్లు. రోజు మొత్తానికి 21,600 లీటర్లు. మే నెల చివర్లో ఇదే బకెట్ నిండటానికి ఆరు నిమిషాలు పట్టింది, అంటే రోజుకి 4,800 లీటర్లు.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోవడం కోసమే అంత దూరం వెళ్లాను. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. ఊళ్లో సుమారు 180 మంది, అంటే 9,900 లీటర్లు కావాలి. డిసెంబర్‌లో దానికి రెట్టింపు పైనే వస్తోంది, మేలో సగం కూడా రావడం లేదు. పైగా ఆ సగంలోనూ రాత్రి పన్నెండు గంటల్లో వచ్చే 2,400 లీటర్లలో, నిద్ర మానుకుని వచ్చి పట్టుకున్నవి తప్ప మిగతావి కిందికి పోతున్నాయి. బిందె ఎత్తుకుంటున్న ఒక అక్కని అడిగితే, "ఇటుకల పండగ దాటితే ధార సన్నబడిపోద్ది బాబూ, రేత్రి లేచి వచ్చి పట్టుకోవాల" అంది. ఇటుకల పండగ అక్కడి గిరిజనుల పండగ, చైత్రంలో వస్తుంది, కాబట్టి రెండు నెలల పైన వాళ్లకి నిద్ర లేదన్నమాట. నన్నడిగితే వానాకాలంలో పొంగే ఊట ఫొటో ఎంత అందంగా ఉన్నా దానివల్ల ఊరికి ఒరిగేది లేదు, ఎండాకాలం అంకె ఒక్కటి ఉంటే ఎంత ట్యాంకు కావాలో చెప్పొచ్చు. ఇక్కడైతే రాత్రి నీళ్లు నిలవడానికి 2,500 లీటర్ల ట్యాంకు చాలు. కరువు పూర్తిగా తీరదు, రాత్రి నడక మాత్రం తప్పుతుంది.

కరెంటు కూడా అక్కర్లేదు. తాపీమేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ గొట్టంతో అంచెలంచెలుగా దిగుతూ కొలిస్తే ఊట నుంచి ఊరు 30 మీటర్ల దిగువన ఉంది. పది మీటర్ల దిగువకి సుమారు ఒక బార్ (ఒత్తిడి కొలత) చొప్పున ఒత్తిడి వస్తుంది కాబట్టి నల్ల పైపు వేస్తే నీళ్లు వాటంతటవే ఇంటి ముందుకి వస్తాయి. ఈ పని కోసం ఫోన్లో ఎత్తు చూపించే యాప్‌ని నమ్ముకోవద్దు, లెవెల్ గొట్టం కొంచెం ఓపికతో కూడిన పనే గానీ తేడా రాదు.

నీటి పరీక్షకి రెండు పట్టుకెళ్లాను. టీడీఎస్ మీటర్ 40 దగ్గర చూపించింది, చాలా తేలిక నీళ్లు. అయితే అది కరిగిన లవణాలనే చెబుతుంది, క్రిముల సంగతి చెప్పదు. దానికి హెచ్‌టూఎస్ సీసా ఉంటుంది, నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు వదిలేస్తే కలుషితమైన నీళ్లయితే నల్లగా మారుతుంది. ధార నీళ్లు పోసిన సీసా రంగు మారలేదు, చెలమ నీళ్లది మర్నాటికే నల్లబడింది. ఆ రెండు సీసాలూ ఊళ్లో అందరికీ చూపించాం, మేం మాటల్లో చెప్పినదానికంటే అదే బాగా పనిచేసింది. ధార నీళ్లయినా కాచి తాగడమే మేలు, ఒక్క సీసా ఫలితం ఏడాదంతటికీ వర్తించదు.

ఆ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి, అక్కడి ఖోండు జనం పేరు మీదే ఆ పేరు వచ్చింది. అది ఎండకీ వానకీ మెత్తబడి, పైపొర స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, కింద గట్టి రాయో బంకమట్టో తగిలితే ఇంక దిగలేక కొండ పక్కకి ఊటగా బయటికొస్తుంది. మన ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలూ ఇదే తూర్పు కనుమల రాయి, కానీ పైన మట్టి లేదు, అడవి లేదు, పడిన వాన పడినట్టే జారిపోతుంది. అందుకే ఊటకి పైన ఉన్న చెట్ల గురించి తమ్ముడితో చాలాసేపు మాట్లాడాను. అక్కడ పోడు కొట్టకూడదన్న కట్టుబాటు ఊళ్లో ముందునుంచే ఉందట, చాలా సంతోషం వేసింది.

బకెట్ అక్కడే వదిలి వచ్చాను. వారానికోసారి కొలిచి, సంతకి దిగినప్పుడు సిగ్నల్ దొరికితే వాట్సాప్‌లో పంపుతానన్నాడు తమ్ముడు. సంక్రాంతి దాటాక మొదటి మెసేజ్ వచ్చింది, 95 సెకన్లు. ఏప్రిల్ ఆఖర్లో మళ్లీ వెళ్తున్నాను, ఈసారి గుంటూరు నుంచి ప్లంబింగ్ పని తెలిసిన మా బావ కూడా వస్తున్నాడు, పైపు ఎంత పొడవు పడుతుందో టేపు పెట్టి కొలిచి, ట్యాంకుకి ఎంత అవుతుందో లెక్క వేసి ఊళ్లోవాళ్ల చేతికి ఇవ్వాలి.