అద్దం లేని అద్దం సీను

నిన్న రాత్రి తమ్ముడితో కలిసి టెర్మినేటర్ 2 మళ్లీ చూశా, ఈసారి స్పెషల్ ఎడిషన్. అద్దం ముందు కూర్చున్న రోబో ఆర్నాల్డ్ తలలోంచి చిప్ తీసే సీను రాగానే వాడు ఆపేశాడు. "అక్కా, అద్దానికి ఎదురుగా కెమెరా ఉంది కదా, అందులో కనబడదేం? గ్రాఫిక్సా?"

కాదురా, అక్కడ అసలు అద్దమే లేదు! ఉన్నది ఖాళీ చట్రం. అవతల మనవైపు తిరిగి కూర్చున్నది నిజం ఆర్నాల్డ్, వెనక హీరోయిన్ లిండా హామిల్టన్. ఇవతల మనకు వీపు చూపిస్తున్నది ఆయన బొమ్మ, దాని వెనక లిండా కవల సోదరి. అక్కచెల్లెళ్లిద్దరి చేతులూ ఒకేసారి కదలాలి. ఎంత రిహార్సల్ చేశారో పాపం!

ఇంతా చేసి, 1991లో థియేటర్‌కి పంపిన ప్రింటులో ఆ సీనే కోసేశారు, స్పెషల్ ఎడిషన్‌లోనే మళ్లీ కలిపారు. నాకైతే ప్రాణం ఉసూరుమంది.

వీడు మాత్రం రివైండ్ చేసి, చేతుల్లో ఎక్కడైనా తేడా దొరుకుతుందేమోనని రాత్రి ఒంటిగంట దాకా వెతుకుతూనే ఉన్నాడు.