కోరంగి వెళ్ళేముందు తిథి చూసుకోండి

నేను కాకినాడ అల్లుణ్ణయ్యి తొమ్మిదేళ్ళవుతోంది. అక్కడికి ఇరవై కిలోమీటర్లు కూడా లేని కోరంగి మడ అడవిని సరిగ్గా చూసింది మాత్రం మొన్న డిసెంబర్లోనే. అంతకుముందు ఒకసారి వెళ్ళాం కానీ, దాన్ని చూడటం అనలేను.

ఆ మొదటిసారి సంగతి ముందు చెప్పేస్తాను. సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఒక శనివారం. పొద్దున్నే గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి, స్నానాలు చేసి, పెసరట్టు ఉప్మా దట్టించి, తొమ్మిదింటికి తీరిగ్గా కారెక్కాం. యానాం రోడ్డు మీద చొల్లంగి దగ్గరకి వచ్చేసరికి బండి కదిలితే ఒట్టు. ఎటు చూసినా తడిబట్టలతో జనం, ఆటోలు, బొరుగులూ జీళ్ళూ అమ్మే కొట్లు. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇయ్యాళ చొల్లంగి అమావాస్య కదండీ, తెలీదేంటండీ?" అన్నాడు. పుష్య బహుళ అమావాస్యనాడు, గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానం చేస్తారు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర ఇక్కడ మొదలై అంతర్వేదిలో ముగుస్తుంది. ఇదంతా నాకు కారులో కూర్చున్న గంటన్నరలో తెలిసిన విషయం.

పదిన్నర దాటాక అడవిలోకి వెళ్తే, చెక్కల బాట కింద ఇటు అంచు నుంచి అటు అంచు దాకా నీళ్ళే. పచ్చటి ఆకులు, కింద మట్టిరంగు నీళ్ళు, అంతకుమించి ఏమీ లేదు. మావాడి చెప్పు ఒకటి బాట మీంచి జారి నీళ్ళలో పడింది. వాడు ఏడుపు లంకించుకునేలోపే అది చెట్లలోకి కొట్టుకుపోయింది. మా ఆవిడ దోమలు కొట్టుకుంటూ, "ఇదేనా మీరు చెప్పిన అడవి?" అంది. పన్నెండింటికల్లా వెనక్కి వచ్చేశాం.

రాత్రి భోజనాల దగ్గర మావయ్యగారు అంతా విని, "ఒక్కమాట నన్ను అడగొచ్చు కదండీ అల్లుడుగారూ" అన్నారు. ఉద్యోగం చేసినంతకాలం తాళ్ళరేవు చుట్టుపక్కల తిరిగిన మనిషి. గోడ మీద క్యాలెండర్ తీసి ఒళ్ళో పెట్టుకుని నాకు పాఠం చెప్పారు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటంటే నీళ్ళు ఎక్కడం, పాటంటే తీయడం. పోటు రోజూ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పున్నానికీ పోటు బలంగా ఉంటుంది. ఈ తీరంలో ఆ రోజుల్లో పొద్దున పూట నీళ్ళు నిండుగా ఉంటాయి, మధ్యాహ్నానికి తీస్తాయి. సప్తమి, అష్టమి వచ్చేసరికి ఇది తిరగబడుతుంది. పొద్దున తొమ్మిది ప్రాంతంలో బురద బయటపడి, మధ్యాహ్నానికి నీళ్ళు ఎక్కుతాయి. "బురద చూడాలంటే పాటులో వెళ్ళాలి, బోటెక్కాలంటే పోటులో వెళ్ళాలి. మీరు రెండూ కాని టైములో వెళ్ళారు."

నిజానికి మాకు బోటు టైమే దొరికింది. కానీ చెప్పు పోయినవాణ్ణి బోటెక్కించే ఓపిక ఎవరికుంది?

అందుకే రెండోసారి హోటళ్ళ రివ్యూలు వదిలేసి తిథి చూసి ప్లాన్ చేశాను. పిల్లాడి సెలవుల్లో సప్తమి ఏరోజు పడిందో చూసుకుని దానికి తగ్గట్టు టికెట్లు బుక్ చేశాను. ఈసారి కూడా ఏదైనా తప్పు జరిగితే ఎలా అని మా ఆవిడ ముందే సంచి సర్దింది. మంచినీళ్ళు, టోపీలు, పొడుగు చేతుల చొక్కాలు, దోమల క్రీము, పక్కింటివాళ్ళ దగ్గర అరువు తెచ్చిన బైనాక్యులర్. ముగ్గురికీ వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఎనిమిదింటికే బయల్దేరి, గేటు తీసేసరికి అక్కడున్నాం.

అదే బాట. అదే అడవి. కానీ ఈసారి కింద నీళ్ళు లేవు. మెత్తటి నల్లబురద, దాన్నిండా మేకులు తలకిందులుగా పాతినట్టు జానెడు జానెడు వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు వేళ్ళని పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. పోయినసారి ఇవన్నీ మా కాళ్ళ కిందే, నీళ్ళలో ఉన్నాయన్నమాట.

మావాడు బాట మీద బోర్లా పడుకుని, "నాన్నా, బురద కదులుతోంది" అన్నాడు. నేనూ పక్కన వంగి చూశాను. మొదట ఏమీ కనపడలేదు. కాసేపటికి బురదలోంచి రెండు కళ్ళు లేచాయి. కప్ప కళ్ళలా నెత్తిమీద ఉన్నాయి. వెనకాల బొటనవేలంత చేప. ముందు రెక్కల్ని మోచేతుల్లా ఆనించి, ముసలాయన మంచం దిగినట్టు ఒక్కో అంగుళం జరిగింది. జరిగీ జరిగీ టప్‌మని గెంతింది. మడ్‌స్కిప్పర్ అంటారు దీన్ని. చర్మం తడిగా ఉన్నంతసేపూ బయట గాలితో బతకగలదు. దాని పక్కనే గోరింటాకు పెట్టుకున్నంత ఎర్రటి పెద్దకొండితో ఒక చిన్న పీత. మగపీతలకి మాత్రమే ఒక కొండి అంత పెద్దది. దాన్ని పైకెత్తి, దించి, రా రమ్మని పిలుస్తున్నట్టు ఊపుతోంది. అది ఊపగానే పదడుగుల అవతల ఇంకోటి ఊపింది. నా నీడ పడగానే అన్నీ ఒక్కసారి బొరియల్లో మాయం. మళ్ళీ బయటికి రావడానికి మేం రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చోవాల్సి వచ్చింది. ఒక్కచోటే అలా ముప్పావుగంట గడిచింది. గబగబా ఫొటోలు దిగి వెళ్ళిపోయిన బ్యాచీలు రెండు మమ్మల్ని దాటుకుంటూ ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నాం అనుకున్నారు.

దారి చూపించిన కుర్రాడు తెల్లమడ ఆకు వంచి, వెనకవైపు వేలితో రాసి నాలిక్కి తగిలించమన్నాడు. ఉప్పు! చెట్టు తాగిన ఉప్పునీటిలో ఉప్పుని ఆకుల మీంచి బయటికి నెట్టేస్తుంది. ఆ పక్కనే ఉన్న తిల్లచెట్టు ఆకు మాత్రం తుంచనివ్వలేదు. తుంచితే పాలు కారతాయి, కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఏ చెట్టూ ముట్టుకోకపోవడమే నయం. ఉప్పుపొన్నకి కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ములక్కాడలా వేలాడుతుంది. రాలాక బురదలో దిగబడుతుంది, లేదా నీళ్ళ మీద తేలుతూ ఇంకెక్కడికో పోతుంది.

పదకొండు దాటేసరికి బురద మీదికి నీళ్ళు పాకడం మొదలైంది. మేం బోటెక్కాం. బోటాయన అరవై దాటినవాడు. ఇంజను ఆపి కాలవలో వదిలేసేటప్పటి నిశ్శబ్దం అతనికే ఇష్టమేమో, వద్దన్నా ఆపేవాడు. లకుముకి పిట్టలు, కొంగలు, ఎర్రరెక్కల గరుడ పక్షి కనపడ్డాయి. ఒక మలుపులో నీళ్ళ మీద రెండు నున్నటి తలలు తేలి, మమ్మల్ని చూసి మునిగాయి. నీటికుక్కలు. బైనాక్యులర్ సరిచేసుకునేలోపే అయిపోయింది.

"మరి నీటిపిల్లి?" అని మావాడు అడిగాడు. చేపలు పట్టే ఈ అడవిపిల్లి కోసం ఎక్కడెక్కడినుంచో పరిశోధకులు కోరంగికి వస్తారు.

"ఆయ్, అది రాత్రిపూట తిరుగుద్దండి బాబూ. మనల్ని అది చూస్తది గానీ మనకి కనపడదండి" అన్నాడు బోటాయన. గట్టు దగ్గర ఆపి, బురదలో అచ్చులు చూపించాడు. పిల్లివేనని అతను అన్నాడు, మేం నమ్మాం. ఒకరోజు యాత్రకి ఇంతకన్నా ఆశించకూడదు. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1978 నుంచి రక్షణలో ఉన్నది, పగటిపూట మూడు గంటల్లో తన పిల్లిని బయటపెడుతుందా?

ఊరి చరిత్ర అతనే ఎత్తుకున్నాడు. అతనికి గుర్తున్నది 96 తుపాను. ఆ నవంబరు రాత్రి గాలి, తెల్లారాక కొబ్బరితోటలు. "ఈ మడ లేకపోతే మేం ఉండేవాళ్ళం కాదండి" అని చెయ్యి అడవివైపు ఊపాడు. అంతకుముందు 1789లోనూ, 1839లోనూ సముద్రం ఈ ఊరి మీదికి వచ్చింది. ఓడలు కట్టిన రేవు, బర్మాకి జనాన్ని మోసిన రేవు ఇది. అక్కడ తెలుగువాళ్ళందరినీ కలిపి కోరంగీలనే పిలిచేవారట. ఇప్పుడు రోడ్డు మీంచి చూస్తే మామూలు పల్లెటూరు. ఆపి చూద్దాం అనిపించే బోర్డు కూడా నాకు కనపడలేదు.

భోజనానికి యానాం వైపు పోయాం. డిసెంబర్లో పులస అడగకండి, నవ్వుతారు. అది శ్రావణంలో ఎర్రనీళ్ళతో వస్తుంది. మేం మండపీతల పులుసు తిన్నాం. మావాడు కొండి చేతిలో పట్టుకుని, పొద్దున చూసినదానిలా ఊపి, ఆ తర్వాత తిన్నాడు.

ఇంటికి చేరేసరికి మావయ్యగారు వరండాలోనే ఉన్నారు. ఏం చూశారని అడగనేలేదు. ముందు మావాడి కాళ్ళవైపు చూశారు, రెండు చెప్పులూ ఉన్నాయి. తర్వాత లోపలికెళ్ళి క్యాలెండర్ తెచ్చి, కళ్ళజోడు సర్దుకుని, "వచ్చే సప్తమి బుధవారం పడిందండి అల్లుడుగారూ. సెలవు పెడతారా?" అన్నారు.