వేసవి గట్టెక్కితేనే నర్సరీ

కడియం నర్సరీల పేరు వినగానే చాలామందికి సంక్రాంతి ముందు బారులు తీరిన చామంతులు, బంతులు, పెటూనియాలు గుర్తుకు వస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో కడియపులంక రోడ్డు మీద కార్లు ఆపి ఫొటోలు తీసుకునే జనాన్ని చూసినవారు, మా వ్యాపారమంతా ఆ రెండు నెలలదే అనుకోవడం సహజం. మా కుటుంబం మాత్రం మార్చి నెలాఖరు నుంచి ఏడాది లెక్క చూసుకుంటుంది, ఎందుకంటే వానాకాలంలో అమ్మడానికి మా దగ్గర ఏం మిగులుతుందో తేల్చేది వేసవే.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ కాలువల నీరు, గోదావరి ఒండ్రు నేల లేకపోతే ఈ ప్రాంతంలో ఇన్ని నర్సరీలు వెలిసేవి కావు. అయితే దాళ్వా, అంటే రెండో కారు వరి పంట, చేతికొచ్చాక కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ నీరు వదిలే వరకు బోర్లే దిక్కు. నేలలో పాతుకున్న చెట్టు ఎండ ముదిరితే వేరును లోతుకు దించుకుని బతుకుతుంది. నల్ల కవరులోని మొక్కకు ఆ వీలు లేదు. దానికి దక్కేది నాలుగు గుప్పెళ్ల మట్టి. ఎండకు కవరు కాలితే అంచులకు చేరిన లేత వేళ్లు ముందు మాడిపోతాయి. అందుకే కవర్లను ఒకదానికొకటి ఆనించి, ఒక మొక్క నీడ మరొక మొక్క కవరు మీద పడేటట్టు పేర్చి, పైన షేడ్ నెట్ కట్టి, ఉదయం ఎండ ఎక్కక ముందూ సాయంత్రం ఎండ తగ్గాకా తడి పెడతాం. వేరు కవరును చీల్చుకుని నేలలోకి దిగిన మొక్కను ఆ నెలల్లో కదిలించం. ఆదివారమైనా, ఇంట్లో పెళ్లయినా ఈ తడి ఆగకూడదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి లారీలు నిలిచిపోయి, కూలీలు రాలేని రోజుల్లో నాన్నగారు, అన్నయ్య, వదిన, నేను పైపులు పట్టుకుని తోటంతా తిరిగాం. అమ్మకం లేకపోయినా మొక్కకు నీరు కావాలి కదా!

వేసవి కాపలా కాలమే కాదు, తయారీ కాలం కూడా. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి గుట్టలు వేసుకునేది అప్పుడే. మామిడి టెంకకు మొలకెత్తే శక్తి కొన్ని వారాలకే తగ్గిపోతుంది కాబట్టి, పండ్ల కాలంలో సేకరించిన టెంకలను ఆలస్యం చేయకుండా నాటాలి. ఆ మొలకలే తర్వాత బంగినపల్లి, సువర్ణరేఖ అంట్లకు, అంటే మొలక మీద ఆ రకం కొమ్మను అతికించి చేసే మొక్కలకు, ఆధారమవుతాయి. గాలిలో తేమ పెరిగిన జులై, ఆగస్టు నెలల్లో, వారం పది రోజుల ముందే ఆకులు తుంచి సిద్ధం చేసుకున్న కొమ్మలతో అంట్లు కడతాం. ఈ పని చూస్తుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇళ్లకు, సంస్థలకు తోటలు వేసే పని నాది. మొక్కల మీద జీఎస్‌టీ లేదు, తోట తీర్చిదిద్దే పనికి 18 శాతం ఉంది కాబట్టి రెండు పద్దులూ వేరుగా రాస్తాను. వేసవిలో నర్సరీ గల్లా ఖాళీగా ఉన్నప్పుడు, మేము వేసిన తోటల నిర్వహణకు నెలనెలా వచ్చే సొమ్మే ఇల్లు నడుపుతుంది. అలాగని అడిగిన పనల్లా ఒప్పుకోను. గృహప్రవేశం మే నెలలో ఉందని, పెద్ద చెట్టును వారంలో తెచ్చి నాటమనే వారుంటారు. పెద్ద చెట్టును తరలించాలంటే చుట్టూ కొంత కొంతగా తవ్వి వేళ్లు కోసి, కొత్త పిల్లవేళ్లు పుట్టే వరకు ఆగి, ఆకు తగ్గించి, వేళ్ల చుట్టూ మట్టిగడ్డ విడిపోకుండా గోనెపట్టాతో కట్టి ఎత్తాలి. వారంలో లేపిన చెట్టు గృహప్రవేశం నాటికి పచ్చగానే ఉండవచ్చు కానీ, తర్వాత నిలుస్తుందని నేను మాట ఇవ్వలేను. లాన్ గడ్డి, కుండీ మొక్కలతో అప్పటికి సర్ది, చెట్టును తొలకరి తర్వాత నాటుదామని ఒప్పిస్తాను. ఒప్పుకోకపోతే ఆ పని వదులుకుంటాను.

అమ్మకాలు లేని నెలల్లో మనుషులను తగ్గించుకోమని మా శ్రేయోభిలాషులు చెబుతుంటారు. నాన్నగారు ఆ మాట ఎన్నడూ వినలేదు. మేమూ వినం. మా దగ్గర అంట్లు కట్టే ఆడవాళ్ల చేతికి ఆ ఒడుపు కొన్ని వానాకాలాల సాధనతో వచ్చింది. ఏప్రిల్‌లో పని లేదని పంపేస్తే వారు మరో చోట కుదురుకుంటారు, జులైలో కత్తి పట్టే మనిషి దొరకదు. అందుకే వేసవి కూలి కోసం సంక్రాంతి అమ్మకాల్లోంచి కొంత సొమ్ము తీసి విడిగా బ్యాంకులో వేస్తాం, ఏ అవసరం వచ్చినా దాన్ని ముట్టుకోం.