పసుపు మచ్చ స్నోడ్రాప్‌లు

ఇంగ్లండ్‌లో సంక్రాంతి నాటికి నేలలోంచి తలెత్తి శివరాత్రి దాకా పూసేవి స్నోడ్రాప్‌లు. జానెడు మొక్క, దానికి తల వంచుకున్న ఒకే ఒక్క తెల్లని పువ్వు, బయట మూడు పొడవాటి రేకులు, లోపల మూడు పొట్టి రేకులు. ఆ పొట్టి రేకుల కొసన ఒక ఆకుపచ్చ మచ్చ ఉంటుంది. రేకులకు పైన, కాడ చివర ఉండే అండాశయం కూడా ఆకుపచ్చగానే ఉంటుంది. చర్చి ఆవరణల్లోనూ పాత బంగళాల తోటల్లోనూ తెల్లగా పరుచుకునే ఈ పూలలో ఎక్కడో ఒకచోట, ఆకుపచ్చ ఉండవలసిన ఆ రెండు చోట్లా పసుపు రంగు వచ్చిన మొక్క కనబడుతుంది. పసుపు స్నోడ్రాప్ అంటే అంతే. రేకులు మాత్రం తెల్లగానే ఉంటాయి. వీడియో కాల్‌లో మా మేనత్తకు చూపిస్తే, "ఇంతోటి మచ్చ కోసమా అమ్మడూ, అక్కడివాళ్లు అంతంత డబ్బు పోసేది?" అని అడిగింది.

ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. 2012లో ఎలిజబెత్ హ్యారిసన్ అనే రకం దుంప ఒకటి ఈబే వేలంలో 725 పౌండ్లు పలికింది. 2015లో గోల్డెన్ ఫ్లీస్ 1,390 పౌండ్లకు, అంటే అప్పటి లెక్కలో లక్షా ముప్పై వేల రూపాయల పైచిలుకుకు పోయింది. 2022లో గోల్డెన్ టియర్స్ 1,850 పౌండ్లకు చేరింది. ఏటా ఫిబ్రవరిలో పత్రికలు ఈ అంకెలను వేసి, దీన్నంతా ఒక పిచ్చిగా చూపి ఊరుకుంటాయి. నా దృష్టిలో ఆ ధరకు, పువ్వు అందానికి పెద్దగా సంబంధం లేదు. స్నోడ్రాప్ దుంపను దాని మానాన వదిలేస్తే ఏడాదికో రెండేళ్లకో ఒకటి రెండవుతుంది. కొత్త రకం బయటికి వచ్చేనాటికి లోకం మొత్తం మీద దాని దుంపలు గుప్పెడు కూడా ఉండవు కనుక, వేలంలో పాడేవాడు కొంటున్నది దుంపలు పెరిగి అందరికీ అందేదాకా పట్టే ఏళ్ల నిరీక్షణ తప్పించుకునే అవకాశాన్ని.

ఈ పసుపు కొత్తగా పుట్టినదేమీ కాదు. మామూలు స్నోడ్రాప్ జాతి అయిన గాలాంథస్ నివాలిస్‌లో 19వ శతాబ్దం చివరి భాగంలోనే నార్తంబర్లాండ్ ప్రాంతంలో పసుపు మొక్కలు దొరికాయి. కేంబ్రిడ్జ్‌కు చెందిన శాండర్స్ అనే ఆయన పేరు మీద వాటిని ఇప్పటికీ శాండర్సీ అంటారు. 1890 ప్రాంతంలో చెషైర్‌లో దొరికిన లేడీ ఎల్ఫిన్‌స్టోన్ ముద్దపువ్వు. దీన్ని చోటు మార్చి నాటితే ఒకటి రెండు సంవత్సరాలు అలిగినట్టు ఆకుపచ్చగా పూసి, ఆ తర్వాత గానీ పసుపు రంగుకు రాదు. కొన్న మొదటి ఏడే మోసపోయామని పీకి పారేసినవాళ్లు ఎందరుంటారో!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వెండీస్ గోల్డ్. కేంబ్రిడ్జ్‌కు దక్షిణాన సున్నపురాతి గుట్టల మీద వాండిల్‌బరీ అనే ప్రాచీన కోట చోటు ఉంది. 1974లో అక్కడి సంరక్షకుడు బిల్ క్లార్క్ ఈ మొక్కను చూసి, తన భార్య పేరు పెట్టాడు. ఇది గాలాంథస్ ప్లికేటస్ జాతి. ఆకును దగ్గరగా పట్టుకుని చూస్తే రెండు అంచులూ వెనక్కి మడిచి ఇస్త్రీ చేసినట్టుంటాయి. పువ్వు లేని రోజుల్లో గుర్తుపట్టడానికి అదే ఆనవాలు. దుంపలు పెరిగాక దాదాపు మొత్తం సరుకును ఒక డచ్ సంస్థకు అమ్మారు. అక్కడ అవన్నీ చచ్చిపోయాయి. అమ్మకుండా ఉంచుకున్న మూడంటే మూడు దుంపల నుంచే ఈనాడు తోటతోటలోనూ కనబడే వెండీస్ గోల్డ్ అంతా వచ్చింది. అరుదైన మొక్క ఒక్కచోటే ఉండడమంత ప్రమాదం ఇంకొకటి లేదని, అందుకే తమ దగ్గరున్నదాన్ని నమ్మకమైన ఇద్దరు ముగ్గురికి పంచి ఉంచాలని ఇక్కడి పెంపకందార్లు చెప్పడం వెనుక ఇలాంటి కథలే ఉన్నాయి. దొంగల భయం ఉన్నవాళ్లు కూడా, మొక్క పక్కన పేరు చీటీ పెట్టరేమో గానీ, పంచడం మానరు.

మాది కూడా ఆ గుట్టల వైపు సున్నపు నేలే కనుక వెండీస్ గోల్డ్ పుట్టింటిలో ఉన్నట్టే పెరుగుతుంది. ఉత్తర ఇంగ్లండ్ నుంచి వచ్చిన శాండర్సీ మాత్రం ఈ నేలను ఇష్టపడదు. అది మొదటినుంచీ పీల మొక్క. ఆకు ఎరువు కలిపిన కుండీలో విడిగా పెంచవలసి వస్తుంది. ఈ రెండు జాతుల సంకరంగా నార్తంబర్లాండ్‌లో వచ్చిన స్పిండిల్‌స్టోన్ సర్‌ప్రైజ్ పసుపునూ బలాన్నీ రెండింటినీ నిలుపుకుంది. ఏ రకమైనా వెలుతురు ముఖ్యం. స్నోడ్రాప్‌లు చెట్ల నీడ మొక్కలని చెప్పే పుస్తకాలను నమ్మి పసుపు రకాన్ని గాఢమైన నీడలో పెడితే, మచ్చ నీరసించి ఆకుపచ్చ వైపు జారుతుంది. చలికాలపు ఎండ సూటిగా తగిలి, వేసవిలో మాత్రం ఆకులు రాల్చే చెట్టు గొడుగు పట్టే చోటు సరైనది. హైదరాబాదులో కుండీలో పెంచవచ్చునా అని అడిగేవారికి, కుదరదనే చెప్పాలి; ఈ దుంపకు నెలల తరబడి అసలైన చలి కావాలి.

ఇక కొత్త రకాలను పుట్టించడం. పొద్దెక్కాక చలి తగ్గి, పది డిగ్రీలు దాటి ఎండ కాసిన రోజున బయటి రేకులు విచ్చుకుంటాయి. తల్లిగా ఎంచుకున్న పువ్వును అంతకుముందే తెరిచి, పట్టకారుతో ఆరు కేసరాలనూ తీసివేయాలి. తండ్రి పువ్వును బొటనవేలి గోటి మీదికి వంచి మెల్లగా తడితే పుప్పొడి గోటి మీద రాలుతుంది. దాన్ని తల్లి పువ్వు కీలాగ్రానికి అద్ది, కాడకు గుర్తుగా దారం కట్టాలి. కాయ ముదిరేకొద్దీ కాడ నేలకు వాలిపోతుంది. గింజకు ఒక చివర కొవ్వుతో కూడిన చిన్న తోక ఉంటుంది. దాని కోసం చీమలు గింజలను మోసుకుపోతాయి కనుక కాయకు పల్చటి గుడ్డ సంచి తొడగడం తప్పనిసరి. గింజను ఎండనివ్వకుండా వెంటనే విత్తితే మరుసటి చలికాలం చివర ఒక్క ఆకు వస్తుంది. పువ్వు చూడడానికి మరో మూడు నాలుగేళ్లు.

అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది. పసుపు రకం పుప్పొడిని ఆకుపచ్చ రకానికి పట్టిస్తే పుట్టే మొదటి తరమంతా ఆకుపచ్చగానే ఉంటుందన్నది పెంపకందార్ల అనుభవం. పసుపు లోపల అణగి ఉంటుంది. ఆ పిల్లలను తమలో తాము కలిపితే రెండవ తరంలో సుమారు నాలుగింట ఒకటి పసుపుగా బయటపడుతుంది. దానికి తోడు, బయటి రేకులు కూడా లోపలి రేకుల్లా పొట్టిగా మారి మచ్చ తెచ్చుకోవాలని కోరుకుంటే, రెండు గుణాలూ ఒకే మొక్కలో కలిసేదాకా తరం మీద తరం ఎదురుచూడాలి. కేంబ్రిడ్జ్‌షైర్ నర్సరీ యజమాని జో షార్మన్‌కు అచ్చం అలాంటి గోల్డెన్ ఫ్లీస్‌ను తీసుకురావడానికి 18 ఏళ్లు పట్టింది. ఆ లెక్కన 1,390 పౌండ్లు మా మేనత్త అనుకున్నంత అన్యాయమైన ధరేమీ కాదు.

పుట్టిన ఒక్క మొక్కను పది చేయాలంటే దుంపను కోయాలి. ఆకులు ఎండిపోయి దుంప నిద్రలో ఉండే ఆషాఢ మాసం దానికి అదను. గోధుమరంగు పై పొట్టు, పాత వేళ్లు, దుంప పైకొస తీసివేసి, స్పిరిట్‌తో తుడిచిన సర్జికల్ బ్లేడుతో నిలువుగా రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు చీలికలుగా కోస్తారు. ప్రతి చీలికనూ మళ్లీ రెండేసి పొరల జంటలుగా విడదీయాలి. ప్రతి జంటకూ, దుంప అడుగున వేళ్లు పుట్టే పళ్లెంలాంటి గట్టి భాగంలో కాస్తంత ముక్క అంటుకుని ఉండాలి. అది లేని పొరకు పిల్ల పుట్టదు. శిలీంధ్రాలను చంపే మందులో నానబెట్టి, తడి తగిలీ తగలని వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు పలుకులతో పాటు ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఇరవై డిగ్రీల వెచ్చదనంలో చీకటిలో ఉంచితే, పన్నెండు వారాలకు పొరల మధ్య బియ్యపు గింజంత తెల్లని బుడిపెలు కనబడతాయి. మంచి దుంప అయితే ఇలా ముప్పై దాకా పిల్లలు రావచ్చు, బూజు పట్టకపోతే. లక్ష రూపాయల దుంప మీద మొదటి కోత వేయడానికి ఎంత గుండెధైర్యం కావాలో, వేలం వార్తలు రాసేవారు ఎప్పుడూ రాయరు.

ఈ కోత పద్ధతి వల్లే ఒకనాటి అపురూప రకాలు అందుబాటులోకి వస్తాయి. వెండీస్ గోల్డ్ ఇప్పుడు ఇరవై పౌండ్ల లోపే దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు దాన్నో స్పిండిల్‌స్టోన్ సర్‌ప్రైజ్‌నో ఎంచుకుని, వీలైతే ఎండిన దుంపగా కాకుండా పూత అయిపోయి ఆకు ఇంకా పచ్చగా ఉన్న మార్చి నెలలో కొని, చేతికి వచ్చిన రోజే నాటుకోవడం మంచిది. గుబురు కాస్త పెరిగాక మూడు నాలుగేళ్లకొకసారి విడదీసి వేరే చోట నాటాలి. ఒత్తుగా ఉన్న గుబురులో బూజు తెగులు ఒకదాని నుంచి ఇంకొకదానికి త్వరగా పాకుతుంది. విడదీసినప్పుడల్లా ఒక దుంప పక్కింటివారి తోటకు పంపండి.