అందరూ ఆహ్వానితులే

మేం హైదరాబాద్‌లో చిక్కడపల్లికి మారి నాలుగేళ్లయింది. మొదటి ఏడాదంతా త్యాగరాయ గానసభ హాలు ముందు నుంచి వారంలో ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు గానీ, ఒక్కసారి కూడా లోపలికి అడుగుపెట్టలేదు. గేటుకి కట్టిన ఫ్లెక్సీలు, పట్టుచీరలు, పూలదండల కవర్లు చూసి, అదంతా పిలుపు అందినవాళ్లకే అనుకునేదాన్ని. ఒక శనివారం సాయంత్రం వాన వచ్చి పాపతో గేటు లోపల నిలబడితే, ఒక పెద్దాయన "ఇక్కడెందుకమ్మా తడుస్తారు, లోపల పాటలు మొదలయ్యాయి, వెళ్లి కూర్చోండి" అన్నారు. టికెట్ ఎంతండీ అని అడిగాను. ఆయన చేతిలో ఉన్న ఆహ్వానపత్రం తిప్పి, చివరి లైను కింద వేలు పెట్టి చూపించారు. 'అందరూ ఆహ్వానితులే' అని ఉంది.

ఆ ఒక్క లైను సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. వీకెండ్ వస్తే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి, మాల్‌కి వెళ్తే రెండువేలు అయిపోతున్నాయి అని బాధపడే అమ్మానాన్నలు మా అపార్ట్‌మెంట్‌లోనే ఎంతమందో. గానసభ 1966 నుంచి ఉంది. సాయంత్రమైతే అక్కడ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది: కూచిపూడి, పాత సినిమా పాటల విభావరి, హరికథ, పుస్తకావిష్కరణ, అప్పుడప్పుడు అవధానం. మేం వెళ్లినవాటిలో ఎక్కువ భాగం పైసా ఖర్చు లేనివే. ఏ రోజు ఏముందో పేపర్లో సిటీ పేజీల్లో చిన్న అక్షరాలతో వేస్తారు, లేదంటే గేటు దగ్గర ఫ్లెక్సీ చూసుకుంటే సరిపోతుంది.

మా పాపకి ఎనిమిదేళ్లు. పద్యనాటకానికి తీసుకెళ్తానంటే మా ఆయన "అరగంట కూడా కూర్చోదు, చూడు" అన్నారు. మొదలవ్వడానికి ముందు దాన్ని బాత్రూమ్‌కి తీసుకెళ్తుంటే, మేకప్ రూమ్ తలుపు తీసే ఉంది. లోపల కృష్ణుడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపర్ కప్పులో టీ తాగుతున్నాడు, కిరీటం పక్క కుర్చీలో ఉంది. ముఖానికంతా నీలం రంగు, చెవుల వెనక మాత్రం ఇంకా రంగు పడలేదు. పాప అక్కడే ఆగిపోయింది. ఆయన నవ్వి "ఏం తల్లీ, ఏ క్లాసు?" అని అడిగారు. థర్డ్ క్లాస్ అని చెప్పి నా వెనక్కి వచ్చేసింది.

తర్వాత స్టేజీ మీద అదే మనిషి కళ్లు మూసుకుని పడుకుని ఉంటే, తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు. "అమ్మా, ఆయన నిజంగా నిద్రపోలేదు కదా" అని నా చెవిలో చెప్పింది. ఆయన లేచి పద్యం ఎత్తుకుని, చివర్లో రాగం తీస్తూ తీస్తూ పోతుంటే, పక్కన హార్మోనియం ఆయన కూడా వదలకుండా వెంటపడుతుంటే, హాలంతా చప్పట్లు, వెనక నుంచి ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడమ్మా?" అంది. ఇంటికొచ్చాక దుప్పటి భుజానికి చుట్టుకుని నానమ్మ ముందు అదే రాగం ఊపిరి ఆగేదాకా తీసింది.

ఇబ్బంది కూడా చెప్పాలి. ఒకసారి డాన్స్ ప్రోగ్రామ్ ఐదున్నరకని వేసి, ముఖ్య అతిథి కోసం ఆగి, ఆయన వచ్చాక సన్మానాలు, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి ఎనిమిదయింది. మధ్యాహ్నం నుంచి మేకప్ వేసుకుని ఉన్న పిల్లలు పక్కన గజ్జెలతోనే గోడకి ఆనుకుని నిద్రపోతున్నారు. నాకు చాలా బాధేసింది. నిర్వాహకులు ఎవరైనా ఇది చదివితే చేతులెత్తి అడుగుతున్నా, పిల్లల ఐటమ్స్ ముందు పెట్టండి, ప్రసంగాలు తర్వాత పెట్టుకోండి. మేమైతే ఇప్పుడు సన్మానం ఉందని తెలిస్తే ఒక గంట ఆలస్యంగా వెళ్తున్నాం, సంచిలో నీళ్లు, మరమరాలు పెట్టుకుని.

ఆదివారం ట్యాంక్‌బండ్. ఇందిరా పార్కు మీదుగా పోతే మాకు దగ్గరే. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేసి జనానికి వదిలినప్పుడు అందరూ వెళ్లారు గానీ, నాకు మాత్రం పొద్దున ఏడింటికి, ఎండ ముదరకముందు విగ్రహాల వెంట నడవడమే ఇష్టం. 1986లో పెట్టిన ప్రముఖుల విగ్రహాలు అవి, 30కి పైగా ఉన్నాయి, 2011లో తెలంగాణ ఉద్యమం మిలియన్ మార్చ్ రోజు కొన్ని పగిలిపోతే తర్వాత మళ్లీ పెట్టారు. బండి మీద వెళ్తూ చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నడిస్తే వేరు. పాప ఇంగ్లిష్ మీడియం, ఒత్తులు దానికి కష్టం. 'సిద్ధేంద్ర యోగి' అని కూడబలుక్కుని చదవడానికి రెండు నిమిషాలు పట్టింది, చదివాక "ఈయనెవరు?" అంది. నిన్న చూశావే కూచిపూడి, ఆ డాన్స్‌కి ఈయనే పెద్ద, అప్పట్లో సత్యభామ వేషం కూడా మగవాళ్లే వేసేవాళ్లు అన్నాను. అస్సలు నమ్మలేదు. బళ్లారి రాఘవ దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాం, ఎందుకంటే ఆయన లాయరు పని చేస్తూనే నాటకాలు ఆడారని, ఆడ వేషాలు ఆడవాళ్లే వేయాలని గట్టిగా నిలబడ్డారని చెప్తే, "అయితే నేను కూడా వెయ్యొచ్చా?" అని అడిగింది. శనివారం హాల్లో చూసినదానికి ఆదివారం ఇక్కడ ఒక ముఖం, ఒక పేరు దొరుకుతోంది. రోజుకి ముగ్గురు నలుగురు చాలు, అందర్నీ ఒకేసారి చూపించాలని చూస్తే పిల్లలు విసుక్కుంటారు.

బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా ఉంది, పుస్తక సభలు, చర్చలు జరుగుతుంటాయి, కానీ కాస్త పెద్ద పిల్లలైతేనే కుదురుతుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి చిన్నపిల్లలతో వెళ్లకండి, అక్కడ గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుని ఉంటారు, వాళ్ల ఏకాగ్రత చెడగొట్టడం పాపం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు చూడటం ఉచితమే, కొనకుండా రావడమే కష్టం.

దూరం నుంచి వచ్చేవాళ్లకి చిక్కడపల్లి మెట్రో స్టేషన్ దగ్గరే. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి, అమ్మమ్మలు, అత్తయ్యలు, ఆడపిల్లలు ఆధార్ పట్టుకుని బస్సెక్కితే రానూపోనూ ఖర్చు కూడా ఉండదు. బండి మీద మాత్రం రావద్దు, ఆ సందుల్లో పార్కింగ్‌తో పెద్ద టెన్షన్.

ఈ శనివారం హరికథ ఉందని గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఆరింటికి. మేం కుడివైపు నాలుగో వరసలో ఉంటాం, ఈసారి నానమ్మ కూడా వస్తోంది.