మనసంతా సైట్ మీదే

డిగ్రీ అవ్వగానే ఇళ్లు కట్టే కంపెనీలో గ్రాడ్యుయేట్ ట్రైనీగా చేరాను. ప్లానింగ్, ఎస్టిమేషన్, కొనుగోళ్లు, అమ్మకాలు, అన్ని విభాగాలూ తిప్పుతారు. అన్నీ అవసరమే. కానీ నాకు సైట్ అంటేనే ప్రాణం.

స్లాబ్ వేసే రోజు చూడాలి! ముందు స్లంప్ టెస్ట్. శంకువులాంటి అచ్చులో కాంక్రీటు నింపి, అచ్చు పైకి తీసి, ఎంత కిందికి కుంగిందో కొలుస్తారు. మరీ కుంగితే నీళ్లు ఎక్కువయ్యాయేమో చూసుకోవాలి. అదే కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, 7 రోజులకీ 28 రోజులకీ పగలగొట్టి బలం తేలుస్తారు.

ఇనుప కడ్డీల కింద కవర్ బ్లాకులు, అంటే కడ్డీని కాస్త ఎత్తులో ఉంచే చిన్న దిమ్మెలు, ఉన్నాయో లేదో మేస్త్రీగారు వంగి ఒక్కొక్కటీ చూస్తారు, వెనకే నేనూ. ఆ చిన్న దిమ్మె లేకపోతే కడ్డీ సెంట్రింగ్‌కి, అంటే కాంక్రీటు పోసే అచ్చుకి, ఆనుకుంటుంది. కింద కాంక్రీటు పొర ఉండదు. తర్వాత తేమ తగిలి తుప్పు పడుతుంది. ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటునే చీలుస్తుంది. క్లాసులో చదివిందే ఇది. ఆయన వేలు పెట్టి చూపించాకే బుర్రకెక్కింది. ఆయనకి ఎంత రుణపడి ఉన్నానో!

ఇలాంటి ట్రైనింగ్‌లో చేరాలనుకునేవాళ్లు, సైట్ మీద ఎన్ని నెలలు ఉంచుతారో ముందే అడగండి. జీతం సంగతి తర్వాత.